వెచ్చని నేల, చిల్లుపడిన గొట్టం

మినెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వంటి ఉత్తర రాష్ట్రాలలో ఇల్లు కట్టుకున్న తెలుగువారికి బేస్‌మెంటు ఒక అదనపు అంతస్తుతో సమానం. ఇంట్లో దిగిన నాడు అది నాలుగు కాంక్రీటు గోడలు, ఒక కాంక్రీటు నేల మాత్రమే. రెండు మూడు సంవత్సరాలు గడచి, చేతిలో కొంత డబ్బు కూడిన పిమ్మట అందులో పిల్లలకు ఒక చదువుల గది, ఊరి నుండి వచ్చే తల్లిదండ్రులకు ఒక పడకగది, వీలైతే తూర్పు మూలన ఒక పూజగది ఏర్పరచుకోవడం ఆనవాయితీ. అడ్డుగోడ నిలబెట్టడానికి ముందుగా ఒక పొడవైన చెక్కను నేల మీద పరచి, తూటా మందుతో పనిచేసే సాధనంతో మేకులు కొట్టి దానిని కాంక్రీటుకు బిగిస్తారు. ఒక్కొక్క మేకు రెప్పపాటులో దిగిపోతుంది. ఆ నేల లోపల వేడినీటి గొట్టాలు పరచి ఉన్నట్లయితే, వాటిలో ఒకటి పైకి తేలి ఉన్నట్లయితే, మేకు దానిని పొడిచి తీరుతుంది.

విచిత్రమేమిటంటే ఆ రోజున ఏమీ జరగకపోవచ్చు. గొట్టాన్ని పొడిచిన మేకే దానికి బిరడాగా నిలుస్తుంది. ప్లాస్టిక్ గోడ మేకును బిగువుగా కరచుకొని ఉంటుంది. గోడ లేస్తుంది, రంగు వేస్తారు, తివాచీ పరుస్తారు, గృహప్రవేశం వలెనే నలుగురిని పిలిచి భోజనాలు పెడతారు. ఒకటి రెండు చలికాలాలు గడచిన తరువాత తుప్పు పట్టి మేకు సన్నబడినపుడు నీరు దారి వెతుక్కుంటుంది. అప్పటికి ఆ గోడ కట్టినవారికి గాని, కట్టించుకున్నవారికి గాని ఆ మేకు సంగతే జ్ఞాపకం ఉండదు.

ఇటువంటి గాయాన్ని ఎట్లా గుర్తించాలి, నేల అంతా పగులగొట్టకుండా ఎట్లా బాగుచేయాలి అన్నది ఈ వ్యాసంలోని విషయం. దానికి ముందు ఈ గొట్టాలు నేలలో ఎందుకున్నవో, అవి ఎటువంటి పదార్థంతో చేసినవో కొంత తెలుసుకోవడం అవసరం. ఏ గొట్టానికి ఏ చికిత్స పనికివస్తుందో నిర్ణయించేది ఆ పదార్థమే.

నేలను వేడిచేయడం ఎందుకు?

చలిమంట వద్ద కూర్చున్నవారికి ముఖం కాగుతూ ఉండగా వీపు వణకుతూ ఉండడం అనుభవమే. మంట నుండి వేడి గాలి ద్వారా కాక, వెలుతురు వలె సూటిగా ప్రసరించి వచ్చి తాకుతుంది. దీనిని ఉష్ణ వికిరణం అంటారు. మంట ఒకవైపు మాత్రమే ఉండడం వల్ల ఒకవైపు మాత్రమే కాగుతాము. పాదాల కింద పరచుకున్న నేల అంతా మంద్రంగా వేడిని ప్రసరిస్తే ఈ వెలితి తీరుతుంది. అమెరికాలో సాధారణమైన ఫర్నేసు గాలిని వేడిచేసి గదిలోకి ఊదుతుంది. ఆ గాలి తేలికై పైకప్పును చేరుతుంది గనుక తల వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటాయి. నేల వేడెక్కినపుడు ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. చెప్పులు గుమ్మం వద్దనే విడిచి, వట్టి పాదాలతో ఇల్లంతా తిరిగే అలవాటున్న మన కుటుంబాలకు ఈ పద్ధతి నచ్చడంలో వింత లేదు.

దీనికి ప్రాచీన చరిత్ర ఉన్నది. రోమనులు స్నానశాలల నేలను పొట్టి స్తంభాల మీద నిలిపి, ఆ ఖాళీలోకి కొలిమి పొగను పంపేవారు. కొరియా దేశస్థులు వంటింటి పొయ్యి పొగను నేల కింది రాతి కాలువల గుండా పంపి, ఆ నేల మీదనే పడుకునేవారు. ఆ పద్ధతి పేరు ఓండోల్. అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ టోక్యోలో ఒక ప్రభువు ఇంట ఇటువంటి కొరియన్ గదిని చూచి ముగ్ధుడై, 1937లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో పూర్తయిన జేకబ్స్ గృహంలో పొగకు బదులు గొట్టాలను నేల కింద పరపించాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన పిమ్మట, 1947 నుండి న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలండ్ మీద లెవిట్‌టౌన్ పేరిట వేల సంఖ్యలో కట్టిన చిన్న ఇళ్ళలో రాగి గొట్టాలను కాంక్రీటు స్లాబులో పూడ్చారు. కొన్ని దశాబ్దాలు గడిచేసరికి ఆ రాగి అక్కడక్కడ తినివేయబడి కారసాగింది. చాలామంది యజమానులు విసిగి, నేలలోని గొట్టాలను వాటి మానాన వదలి, గోడల వెంట రేడియేటర్లు పెట్టించుకున్నారు. లోహపు గొట్టంతో వచ్చిన ఈ చెడ్డపేరు వల్ల నేలను వేడిచేసే పద్ధతియే అమెరికాలో కొంతకాలం మరుగున పడినది.

దానిని తిరిగి లేవనెత్తినది ప్లాస్టిక్.

వల వంటి ప్లాస్టిక్

పాలసంచులు మొదలు బిందెల వరకు కనిపించే పాలీఇథిలీన్ అణువులు పొడవైన పోగుల వంటివి. ఉడికించిన సేమ్యా వలె ఇవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయే గాని ముడిపడి ఉండవు. వేడి తగిలితే పోగులు ఒకదానిపై ఒకటి జారతాయి. అందుచేత మామూలు పాలీఇథిలీన్ గొట్టంలో వేడినీరు ఒత్తిడితో ప్రవహిస్తే అది క్రమంగా సాగి, ఉబ్బి, పగులుతుంది. జర్మనీకి చెందిన థామస్ ఎంగెల్ 1960ల దశకంలో పెరాక్సైడ్ రసాయనంతో ఈ పోగుల మధ్య అడ్డంగా బంధాలు వేసే పద్ధతిని కనుగొన్నాడు. అడ్డుబంధాలు పడిన తరువాత సేమ్యా కాస్తా చేపల వల అవుతుంది. వలను లాగితే సాగుతుంది, వదలితే మునుపటి ఆకారానికి వస్తుంది, ఎంత వేడిచేసినా కరిగి పారదు. దీనినే పెక్స్ అంటున్నారు. స్వీడన్‌లో 1970ల ఆరంభంలోనే దీని తయారీ మొదలైనది. అమెరికాకు 1980ల మధ్యలో వచ్చినది.

పెక్స్‌లో మూడు జాతులున్నాయి. ఎంగెల్ పద్ధతిలో పెరాక్సైడ్‌తో చేసినది 'ఎ' రకం. సిలేన్ అనే రసాయనాన్ని కలిపి, తేమ తగిలించి బంధాలు కలిపినది 'బి' రకం. ఎలక్ట్రాన్ పుంజంతో కొట్టి బంధాలు కలిపినది 'సి' రకం. తాగే నీటికి వాడేటప్పుడు ఈ తేడాను సామాన్యుడు పట్టించుకోనక్కరలేదు. మరమ్మతు వేళ మాత్రం పట్టించుకోక తప్పదు. ఆ సంగతి ముందు వస్తుంది.

నేలలో వేసే గొట్టానికి మరొక విశేషం ఉన్నది. ప్లాస్టిక్ గోడ గుండా నీరు బయటకు రాదు గాని గాలిలోని ప్రాణవాయువు లోపలికి ఇంకుతుంది. ఆ ప్రాణవాయువు నీటిలో కరిగి, బాయిలరులోని, పంపులోని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. దీనిని ఆపడానికి గొట్టం మీద ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్ పొర నొకదానిని పూస్తారు. కొన్ని గొట్టాలలో రెండు ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం రేకు ఉంటుంది. పైన ఇటువంటి పొర లేని మంచినీటి పెక్స్‌ను, అంగడిలో చవకగా దొరికినదని, మరమ్మతులో అతుకుగా వేయడం మంచిది కాదు. ఒక అడుగు ముక్క వల్ల బాయిలరు చెడిపోదు. అయినా అదే గుణం గల గొట్టం దొరుకుతున్నపుడు వేరొకటి ఎందుకు?

పాత ఇళ్ళలో ఇంకొక జాతి తటస్థపడవచ్చు. అది బూడిదరంగు పాలీబ్యుటిలీన్. 1970ల చివరి నుండి 1995 వరకు అమెరికాలో దీనిని విరివిగా వాడారు. మంచినీటిలోని క్లోరిన్ ధాటికి అది, దాని అతుకులు పెళుసెక్కి పగలడంతో వ్యాజ్యాలు నడచి, 1995లో సుమారు 95 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసినవి. ఇది నేలలో ఉన్నదని తెలిస్తే పెక్స్ అతుకు సామగ్రి నేరుగా సరిపోదని, రెండింటిని కలిపే ప్రత్యేకమైన కప్లింగ్ కావలెనని గుర్తుంచుకోవాలి.

గాయాలు ఎన్ని విధాలు

గొట్టానికి దెబ్బ తగిలే కాలాలు రెండు. మొదటిది కాంక్రీటు పోయక ముందు. గొట్టాలను సాధారణంగా 12 అంగుళాల ఎడంతో ఇనుప జాలీకి కట్టి, లేదా అడుగున పరచిన ఫోము పలకకు బిగించి పరుస్తారు. అర అంగుళం గొట్టంలో ఒక్కొక్క చుట్టు 300 అడుగులకు మించకుండా చూస్తారు. ఆ తరువాత కాంక్రీటు తోసే బండ్లు, పారలు, బూట్లు వాటి మీదుగానే నడుస్తాయి. తీగ కొన గుచ్చుకోవడం, పార అంచు తెగడం అప్పుడే జరుగుతాయి. గొట్టాన్ని చిన్న మలుపులో వంచినపుడు అది చెరకు గడ విరిచినట్లు మడత పడుతుంది. వ్యాసానికి ఆరు నుండి ఎనిమిది రెట్ల కంటె బిగువుగా వంచరాదన్నది నియమం. ఎండలో నెలల తరబడి పడి ఉన్న గొట్టం పైకి బాగానే కనిపించినా లోలోపల చెడి ఉంటుంది. దానిని పరచకుండా ఉండడమే మేలు.

రెండవ కాలం కాంక్రీటు గట్టిపడిన తరువాత. మేకులు, బోల్టులకై వేసే డ్రిల్లు రంధ్రాలు, కమోడ్ చోటు మార్చడానికి కోసిన కోతలు ఇందులో చేరతాయి. మరొకటి కొంత విడ్డూరమైనది. స్లాబు తన ఇష్టం వచ్చిన చోట బీటవారకుండా మరునాడే రంపంతో గీతలు కోస్తారు. నాలుగు అంగుళాల స్లాబులో గీత లోతు ఒక అంగుళం. జాలీకి సరిగా కట్టని గొట్టం తడి కాంక్రీటులో పైకి తేలి ఆ గీత కిందికి వస్తే, బీట రాకుండా కోసిన కోత గొట్టాన్నే కోస్తుంది.

గడ్డకట్టడం వల్ల కలిగే హాని వేరు జాతికి చెందినది. నీరు మంచుగా మారేటప్పుడు తొమ్మిది శాతం పెరుగుతుంది. వలవంటి నిర్మాణం వల్ల పెక్స్ కొంత సాగి తట్టుకోగలదు గాని దానికి తగిలించిన ఇత్తడి అతుకులు సాగవు. చలికాలంలో ఇల్లు తాళం వేసి రెండు నెలలు స్వదేశానికి వెళ్ళేవారు కరెంటు పోతే ఏమవుతుందని బయలుదేరక ముందే ఆలోచించుకోవాలి. అందుకే కొన్ని ఇళ్ళలో నీటిలో ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు.

కారుతున్నదని తెలిసేది ఎట్లా?

నేలలోని నీరు మూసి ఉన్న వలయంలో తిరుగుతుంది. చల్లగా ఉన్నపుడు దాని ఒత్తిడి చదరపు అంగుళానికి 12 నుండి 15 పౌన్లు. బాయిలరు పక్కన గేజి ఈ అంకెను చూపుతుంది. గేజి దిగజారితే నీరు ఎక్కడికో పోతున్నదని అర్థం. చిక్కు ఎక్కడున్నదంటే, చాలా ఇళ్ళలో నీరు తగ్గినపుడల్లా ఊరి నీటిని తనంతట తాను నింపే వాల్వు ఒకటి ఉంటుంది. అది యజమానికి మేలు చేస్తున్నాననుకుంటూ కారుడును దాచిపెడుతుంది. సెకనుకు ఒక్క చుక్క చొప్పున కారినా రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. ఆ మేరకు ప్రాణవాయువుతో నిండిన కొత్తనీరు లోపలికి వస్తూ ఇనుమును తింటూ ఉంటుంది. కనుక అనుమానం కలగగానే చేయవలసిన మొదటి పని ఆ నింపుడు వాల్వును కట్టివేసి, గేజి అంకెను ఒక కాగితం మీద వ్రాసి, మరునాడు తిరిగి చూడడం.

తరువాత ఏ చుట్టులో కారుతున్నదో తేల్చాలి. చుట్లన్నీ మానిఫోల్డ్ అనే గొట్టాల కూడలిలో కలుస్తాయి. అక్కడ ప్రతి చుట్టుకు రాక ఒకటి, పోక ఒకటిగా రెండు మూతలుంటాయి. ఒక్కొక్క చుట్టును విడివిడిగా మూసి, దానికి గేజి తగిలించి చూస్తే దోషి బయటపడుతుంది. మిగిలిన చుట్లు యథాప్రకారం పనిచేస్తూనే ఉంటాయి గనుక నడిచలికాలంలో కూడ ఇల్లు పూర్తిగా చల్లబడదు. చాలామంది భయపడినట్లు ఇది అర్ధరాత్రి ప్లంబరును లేపవలసిన విపత్తు కాదు.

గాలి నింపి పరీక్షించేటప్పుడు తొందరపడి తీర్పు చెప్పరాదు. పగలు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద గేజిలో 60 పౌన్లు నింపి, రాత్రి 40 డిగ్రీలకు చల్లబడితే ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. గేజి చూపేది వాతావరణ పీడనానికి పైనున్న ఒత్తిడి మాత్రమే. కనుక అసలు ఒత్తిడి 74.7 పౌన్లు. పరమ శూన్యం నుండి కొలిస్తే 80 డిగ్రీలు 540 అవుతుంది, 40 డిగ్రీలు 500 అవుతుంది. ఒత్తిడి అదే నిష్పత్తిలో తగ్గి 69.2కు దిగుతుంది. గేజి 54.5 చూపుతుంది. ఒక్క బుడగ కూడ బయటకు పోకుండానే అయిదున్నర పౌన్లు మాయమైనవి! ఇది తెలియక మంచి గొట్టాన్ని తవ్వినవారున్నారు. నీటితో పరీక్షించినపుడు కూడ గొట్టం మొదట కొంత సాగి ఒత్తిడి తగ్గుతుంది. దానిని తిరిగి నింపి, నిలకడ పొందిన తరువాతనే గడియారం చూడాలి.

ఇక అసలైన కష్టం, ఆ చుట్టులో ఏ అడుగు వద్ద గాయం ఉన్నదో కనుక్కోవడం. ఇందుకు ఉత్తమ సాధనం ఉష్ణాన్ని చిత్రంగా చూపే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. ఒకప్పుడు అది పరిశోధనశాలలకే పరిమితం. ఇప్పుడు సెల్‌ఫోనుకు తగిలించే రకాలు కూడ ఉన్నాయి, అద్దెకు కూడ దొరుకుతాయి. దీనిని వాడడంలో ఒక మెళకువ ఉన్నది. నాలుగు అంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకు దాదాపు 50 పౌన్లు బరువు తూగుతుంది. వెయ్యి చదరపు అడుగుల నేల అంటే 25 టన్నుల రాయి. అది ఒకసారి వేడెక్కితే అంతటా ఒకే రంగుగా కనిపిస్తుంది, గొట్టాల జాడ తెలియదు. కనుక ముందుగా ఆ చుట్టును ఆపి నేలను చల్లబడనిచ్చి, తరువాత ఒక్కసారిగా వేడినీటిని వదలి, మొదటి గంటలలోనే చూడాలి. అప్పుడు గొట్టాలు సన్నని వెచ్చని గీతలుగా, ముగ్గు వేసినట్లు తేలుతాయి. కారుతున్న చోట గీత చెదరి, తడి కాగితం మీద సిరా చుక్క వలె పాకి కనిపిస్తుంది. కెమెరా లేనివారు నేలను పలుచగా తడిపి, ఏ గీతల వెంట ముందుగా ఆరుతున్నదో చూచి గొట్టాల దారిని పసిగట్టవచ్చు. ఇది ఖర్చులేని ఉపాయం. గొట్టం ఎక్కడున్నదో చెబుతుంది గాని చిల్లు ఎక్కడున్నదో చెప్పదు.

కారుడు మరీ సన్ననిదైతే కెమెరా కూడ చేతులెత్తేస్తుంది. అప్పుడు నిపుణులు చుట్టులోని నీటిని ఖాళీచేసి, 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ గల మిశ్రమాన్ని నింపుతారు. హైడ్రోజన్ అణువు అతి చిన్నది కావడంచేత చిల్లు గుండా బయటపడి, కాంక్రీటు రంధ్రాల నుండి పైకి పాకుతుంది. నేల మీద జరిపే ముక్కు వంటి పరికరం దానిని పసిగడుతుంది. ఆ పాళ్ళలో ఉన్న హైడ్రోజన్ మండదు గనుక భయం లేదు. గాలి నింపి, చిల్లు వద్ద వచ్చే బుసను ప్రత్యేకమైన మైక్రోఫోనుతో వినే పద్ధతి కూడ ఉన్నది.

మరమ్మతు

మన ప్రాంతంలో బోరుబావి నుండి పొలానికి నీరు తెచ్చే పి.వి.సి. గొట్టం పగిలితే రైతు ఏమి చేస్తాడో అందరికీ తెలిసినదే. పగిలిన భాగం కోసివేసి, ఒక కొసను మంట మీద కాచి, మెత్తబడగానే రెండవ కొసను అందులోకి దోపుతాడు. లేదా సొల్యూషన్ రాసి అతికిస్తాడు. చూచి చూచి అలవాటైన ఈ రెండు విద్యలూ పెక్స్ వద్ద పనికిరావు. అడ్డుబంధాలు పడిన పోగులు కరగవు గనుక ముక్కలు కలిసిపోవు. పాలీఇథిలీన్ ఉపరితలానికి ఏ జిగురూ అంటదు. టేపు చుట్టడం, ఎపాక్సీ మెత్తడం, రబ్బరు ముక్క పెట్టి క్లాంపు బిగించడం వంటివి ఆ పూటకు ఆపినా, తిరిగి కాంక్రీటులో పూడ్చవలసిన చోట వాటిని నమ్మరాదు. దెబ్బతిన్న ముక్కను కోసివేసి, ఇత్తడి లేదా గట్టి ప్లాస్టిక్‌తో చేసిన కప్లింగ్ వేయడమే మార్గం.

దీనికి ఒకే ఒక మినహాయింపు మడత. 'ఎ' రకం గొట్టం చిల్లు పడకుండా మడత మాత్రమే పడినట్లయితే దానిని కోయనక్కరలేదు. మడతను నిటారుగా పట్టుకొని హీట్ గన్‌తో చుట్టూ సమానంగా వేడిచేస్తే దాదాపు 265 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద ప్లాస్టిక్ మెత్తబడి, వల తన పూర్వరూపాన్ని జ్ఞాపకం తెచ్చుకొని గుండ్రంగా తిరిగి వస్తుంది. కదలించకుండా చల్లారనిస్తే సరిపోతుంది. నిప్పు మంటను మాత్రం దగ్గరకు రానీయకూడదు. 'బి', 'సి' రకాలలో ఈ చికిత్సను తయారీదారులు అంగీకరించరు. మడత పడిన చోటు కోసివేయవలసినదే. ఏ రకమో తెలియకపోతే మానిఫోల్డ్ వద్ద గొట్టం మీద అచ్చువేసిన అక్షరాలను చదవాలి. రకం, కొలత, ప్రమాణాల సంఖ్యలు అక్కడ ఉంటాయి. ప్రతి మూడడుగులకో, అయిదడుగులకో అచ్చువేసిన అడుగుల సంఖ్య కూడ ఉంటుంది. రాక కొస వద్ద ఒక అంకె, పోక కొస వద్ద మరొక అంకె చూచి చుట్టు పొడవు తీసివేతతో తెలుసుకోవచ్చు. తవ్విన చోట కనిపించే అంకెను బట్టి అది ఆ చుట్టుకు చెందినదేనా, ఎన్నవ అడుగు అన్నది నిర్ధారించుకోవచ్చు.

మేకు కళ్ళెదుట కనిపిస్తున్నపుడు చేయరాని పని దానిని పీకడం. మానిఫోల్డ్ వద్ద ఆ చుట్టు మూతలు రెండూ బిగించి, ఒత్తిడి దించి, నీటిని ఖాళీచేసిన తరువాతనే దాని జోలికి పోవాలి. పీకినా పీకకపోయినా ఆ ముక్క కోసివేయక తప్పదు. మేకు సాధారణంగా గొట్టాన్ని ఒకవైపు కాక రెండు వైపులా తూట్లు పొడుస్తుంది.

కాంక్రీటును తెరిచే పని ఈ మొత్తంలో అతి మోటుగా కనిపించినా అతి సున్నితమైనది ఇదే. పెద్ద సమ్మెటతో ఒక్క దెబ్బ తప్పితే ఒక చిల్లు రెండవుతుంది. స్లాబులో బిగించిన ఉక్కు కేబుళ్ళు ఉన్నట్లయితే, అటువంటి స్లాబుల మీద చాలాచోట్ల హెచ్చరిక ముద్ర ఉంటుంది, తవ్వడం ప్రాణాపాయమే. అక్కడ నిపుణుడే దిగాలి. మామూలు స్లాబులో పైన ఒక అంగుళం లోతు వరకు రంపంతో గీతలు కోసి, మిగిలినది చిన్న ఉలితో పక్కల నుండి విడదీయాలి. కాంక్రీటు ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. నీరు చిలకరిస్తూ, ముక్కుకు మాస్కు పెట్టుకొని పనిచేయాలి. చిల్లు చూచేందుకు అరచేయంత గుంట చాలును గాని, అతుకు వేయడానికి అది చాలదు. కప్లింగ్‌ను గొట్టంలోకి దోపాలంటే ఒక కొసనైనా కొంచెం పైకి ఎత్తి పక్కకు జరపగలగాలి. బిగించే సాధనం దవడలు తిరగడానికి చోటు కావాలి. కనుక గొట్టం వెంట దాదాపు రెండడుగుల పొడవున తెరిస్తేనే పని సాఫీగా సాగుతుంది. గుంట చిన్నదిగా ఉంచి పొదుపు చేద్దామని చూచినవారు చివరకు ఎక్కువ పగులగొడతారు.

కోత నిటారుగా, నునుపుగా ఉండాలి. హాక్సా బ్లేడు నూగును మిగుల్చుతుంది. గొట్టాలు కోసే కత్తెరనే వాడాలి. అతుకు పద్ధతులలో ముఖ్యమైనవి రెండు. మొదటిది క్రింప్. గొట్టం మీద ఒక రాగి ఉంగరాన్ని ఎక్కించి, కప్లింగ్‌ను లోపలికి దోపి, ఉంగరాన్ని గొట్టం చివరి నుండి పావు అంగుళం లోపు ఎడంలో ఉంచి, క్రింపర్‌తో ఒక్క నొక్కు నొక్కాలి. బిగువు సరిపోయినదా లేదా అన్నది కంటితో తెలియదు. దానికి కొలిచే గేజి ఉంటుంది. ఉంగరం ఒక గాడిలో పట్టి, మరొక గాడిలో పట్టకపోతేనే సరి. రాగి ఉంగరానికి బదులు స్టీలు పట్టీ వాడేవారూ ఉన్నారు. రెండవ పద్ధతి 'ఎ' రకానికి ప్రత్యేకించినది. గొట్టం కొసను ఒక పరికరంతో విస్తరింపజేసి, కొన్ని సెకన్లలో కప్లింగ్‌ను దోపితే, వల తిరిగి ముడుచుకొంటూ దానిని తానే పట్టుకొంటుంది. ఈ అతుకు కాలం గడిచేకొద్దీ బిగుస్తుందే గాని వదులు కాదు. చలిగా ఉన్న బేస్‌మెంటులో మాత్రం ముడుచుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, తొందరపడి ఒత్తిడి పెట్టరాదు. లోపల అల్యూమినియం ఉన్న గొట్టానికి ఈ రెండూ కుదరవు. దానికి తగిన కప్లింగ్ వేరుగా కొనాలి. చేతితో మరలు బిగించే కంప్రెషన్ అతుకులు, సులభంగా దోపే పుష్ అతుకులు గోడలో అయితే మంచివే. కాంక్రీటులో పూడ్చడానికి తయారీదారు ఒప్పుకున్నాడా అని కాగితం చూచి గాని వాడరాదు.

అతుకు వేసిన వెంటనే గుంట పూడ్చివేయాలన్న ఆత్రుత కలుగుతుంది. దానిని అణచుకోవాలి. కనీసం ఒక రాత్రంతా చుట్టును పరీక్ష ఒత్తిడిలో ఉంచి, అతుకు పైన సబ్బునీరు పూసి బుడగలు వస్తున్నవా చూచి, గేజి నిలకడగా ఉన్నదని తేలిన తరువాత ఇత్తడికి సిమెంటు తగలకుండా టేపు గాని, వేడికి ముడుచుకొనే తొడుగు గాని చుట్టాలి. సిమెంటులోని క్షారం, తేమ ఇత్తడికి పడవు. అడుగున తేమను అడ్డే ప్లాస్టిక్ పట్టా చినిగి ఉంటే అతికించి, కుంచించుకుపోని గ్రౌటుతో పూడ్చాలి. పూడ్చేటప్పుడు కూడ గొట్టంలో ఒత్తిడి ఉండనివ్వడం ప్లంబర్ల ఆచారం. ఏదైనా తగిలితే గేజి అప్పుడే చెబుతుంది. అతుకు పచ్చిగా ఉండగా వేడినీరు వదలరాదు. కొన్ని రోజులు ఆగి, గోరువెచ్చగా మొదలుపెట్టి క్రమంగా పెంచాలి.

తిరిగి నింపేటప్పుడు గాలి బుడగలు పోయే వరకు ఒక్కొక్క చుట్టును విడిగా కడగాలి. అర అంగుళం గొట్టం 300 అడుగులలో పట్టేది మూడు గాలన్ల లోపు నీరే గనుక ఇది పెద్ద పని కాదు. గ్లైకాల్ ఉన్న ఇంట్లో పోయినదానికి బదులు వట్టి నీరు నింపితే గాఢత పడిపోతుంది. దానిని కొలిచి సరిచేయాలి.

చెక్క నేల కింద, దూలాల మధ్య బిగించిన గొట్టాలకు ఈ తవ్వకం బాధ లేదు. కింది గది పైకప్పు మీద మరక రూపంలో కారుడు తానే కనిపిస్తుంది. అక్కడ ఒక పలక ఊడదీసి అతుకు వేస్తే సరి.

కొన్నిసార్లు బాగుచేయకపోవడమే వివేకం. చిల్లు స్నానాలగది టబ్బు కిందనో, ఖరీదైన గ్రానైటు వంటింటి దిమ్మ కిందనో పడితే, ఆ చుట్టును మానిఫోల్డ్ వద్ద శాశ్వతంగా మూసివేసి, పక్క చుట్ల నీటి వేడిని కొద్దిగా పెంచుకోవచ్చు. నేల ఉపరితలం 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పాదాలకు హాయి పోతుంది గనుక ఆ పెంపుకు హద్దు ఉన్నది. ఆ చుట్టు పరచిన మేర నేల చల్లగా మిగులుతుంది. అక్కడ ఒక తివాచీ వేసుకొని సర్దుకున్న ఇళ్ళు లేకపోలేదు.

కాంక్రీటు పోసే ముందు గొట్టాల అమరికను, పక్కన టేపు పెట్టి కొలతలు కనిపించేటట్లు, ఫోటోలు తీసి ఉంచిన గృహస్థుకు పైన చెప్పిన శ్రమలో సగం తప్పుతుంది. అతుకు వేసినవారు కూడ దాని స్థానాన్ని రెండు గోడల నుండి అంగుళాలతో సహా కొలిచి, తేదీతో ఒక అట్ట మీద వ్రాసి బాయిలరు పక్కన వేలాడదీయాలి. ఆ ఇంటిని రేపు కొనుక్కునేవారు కూడ ఏదో ఒకనాడు ఒక అడ్డుగోడ కట్టడానికి, తూటా మందు సాధనం చేతబట్టి ఆ మెట్లే దిగుతారు.